చచ్చిన పంటిలో మరల జీవము

పల్లెలో ఆడుకొనే బిడ్డ పడి ముందు పన్ను విరిగితే మనము సాధారణంగా ఏమి చేస్తాము? నొప్పి తగ్గగానే ఊరుకుంటాము. కొన్ని నెలలకు పన్ను రంగు మారి, చిగురు మీద చీముపొక్కు లేస్తుంది. అప్పుడు పీకించివేస్తాము. కాని అట్టి పన్నును కూడ నిలుపుకొనే మార్గమున్నదని తలిదండ్రులు తెలిసికొనాలి.

పంటి లోపల రక్తనాళాలు, నరాలు గల మెత్తని గుజ్జు ఉంటుంది. వేరును పెంచేది అదే. ముందరి శాశ్వత దంతాలు ఆరు మొదలు తొమ్మిదేళ్ల లోపు వస్తాయి. ఆ తరువాత వేరు కొన పూర్తిగా మూసుకొనుటకు సుమారు మూడేళ్లు పడుతుంది. ఈలోగా గుజ్జు చనిపోతే వేరు పలుచగా, పొట్టిగా నిలిచిపోతుంది. కొన తెరచియుండుటచేత మామూలు రూట్ కెనాల్ కూడ కష్టమే.

2004లో బాంక్స్, ట్రోప్ అను వైద్యులు దీనికొక పద్ధతిని వివరించారు. వేరు లోపలి భాగాన్ని మందునీటితో శుభ్రపరచి, కొన్ని వారాలు మందు ఉంచుతారు. తరువాత వేరు కొన అవతలనుండి కొద్దిగా రక్తము లోపలికి వచ్చేటట్లు చేస్తారు. ఆ రక్తపు గడ్డ పందిరివలె నిలుస్తుంది. వేరు కొన వద్దనున్న మూలకణాలు దానిని ఆధారము చేసికొని పెరుగుతాయి. పైన సిమెంటుతో మూసివేస్తారు. నెలలు గడిచేకొలది వేరు గోడలు మందమవవచ్చు.

అయితే ఉన్నది ఉన్నట్లు చెప్పుకొందాము. ఇది అందరికీ ఫలించదు. లోపల పెరిగేది అన్నిసార్లు అసలైన గుజ్జు కాదు. ఎముకవంటి కణజాలము కావచ్చు. పెద్దవారికి నేటికీ రూట్ కెనాలే సాధారణ చికిత్స. పాలపండ్ల మూలకణాలను పిల్లల దెబ్బతిన్న దంతాలలో ఉంచిన పరీక్ష ఫలితాలు 2018లో చైనా నుండి వెలువడ్డాయి. అయినను పైన చెప్పిన చికిత్సకు దాచిన పాలపన్ను అవసరము లేదు. కాబట్టి పాలపండ్లు భద్రపరచుటకు అప్పు చేయవద్దు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన హైటెక్ సిటీ ప్రాంతములో నేడు దంతవైద్యశాలలు అనేకము. మన బిడ్డలెందరో అక్కడ పనిచేస్తున్నారు. వారి సహాయముతో పిల్లల దంతవైద్యమందు గాని, రూట్ కెనాల్ చికిత్సయందు గాని ఎం.డి.ఎస్. చదివిన వారిని విచారించండి. అంత ఖర్చు భరించలేనివారు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించవచ్చు.

శాశ్వత దంతము పూర్తిగా ఊడిపోతే వేరును తాకక, పై భాగము పట్టుకొని, మట్టి అంటితే నీళ్లతో తేలికగా కడిగి, దాని చోటనే పెట్టండి. వీలుకాకుంటే పాలలో వేసి, గంటలోపు వైద్యుని చేరండి. విరిగిన ముక్కను కూడ పారవేయవద్దు. పాలపన్నును మాత్రము తిరిగి పెట్టకూడదు.

నొప్పి లేదని ఆగవద్దు. బిడ్డ పన్నుకు ఆలస్యమే శత్రువు.