కొప్పు ఒక్కటే - వాటాలు నాలుగు
పాత పెంకుటిళ్ల కప్పు మార్చడంలో చిక్కులు

అమలాపురం: రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తుంటే కోనసీమ పల్లెల్లో పాత పెంకుటిళ్ల వారికి వాన బెంగ పట్టుకుంటుంది. మృగశిర ప్రవేశించేలోగా కప్పు పని ముగించాలి. తాతల నాటి ఇంట్లో ఆ పని మొదలుపెట్టాలంటే ముందు అన్నదమ్ములంతా ఒక మాట మీదికి రావాలి. ఆ మాట కుదరక, ఏటికేడు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని వానాకాలం గడిపే ఇళ్లు చాలా ఊళ్లలో కనిపిస్తాయి.

మండువా లోగిలి కప్పంతా ఒకే అల్లిక. లోపలి వాలు మండువా వైపు, బయటి వాలు చూరు వైపు దిగుతాయి. గదులను గోడ కట్టి పంచుకోవచ్చు గానీ కొప్పునూ దూలాన్నీ పంచుకోవడం ఎవరి తరమూ కాదు. ఒకరు తన వాటా దించి స్లాబు పోయిస్తే పక్క వాటా వాసాలకు ఆసరా పోతుంది. కొత్త గోడకూ పాత పెంకుకూ మధ్య సందులోంచి నీరు గోడలోకి దిగుతుంది. అది మట్టి గోడ అయితే ఇక చెప్పనక్కర్లేదు. స్లాబు మీది నీటి గొట్టాన్ని పక్కవారి పెంకు మీదికి వదిలే ఘనులూ లేకపోలేదు. తగాదా పెద్దమనుషుల దగ్గర తేలేలోగా దూలం కాస్తా కుంగుతుంది.

నిజానికి ముందు చెడేది పెంకు కాదు, దాని కింది కర్ర. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి ఆవంలో కాల్చిన గూన పెంకు కదలకుండా ఉంటే తరాలు నిలుస్తుంది. కోతులు దూకుతాయి, కొబ్బరి మట్టలు పడతాయి, పెంకు జరుగుతుంది. ఏటా పెంకు సర్దించే అలవాటు తప్పిన ఇంట్లో ఆ సందులోంచి కారిన నీరు వాసాన్ని తడుపుతుంది. చేవదేరిన తాటి వాసమైనా గోడలో దిగిన కొస, చూరు దగ్గరి కొస ముందుగా పుచ్చుతాయి. గోడ వెంట చెద పాకుతుంది. మేకుతో పొడిస్తే మెత్తగా దిగే వాసాన్ని మార్చాల్సిందే.

పెంకు దించడం కొప్పు నుంచి కిందికి, వేయడం చూరు నుంచి పైకి. రెండు వాలులూ కొంచెం కొంచెంగా సమంగా దించాలి. ఒకే వైపు దించేస్తే బరువు రెండో వైపు పడి వాసాలు ఒరుగుతాయి. దించిన ప్రతి పెంకునూ వేలితో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొంగురు పలికితే బీట పడినట్టే. తగ్గిన పెంకు కొత్తగా దొరకడం కష్టం. గూన పెంకు తీసే కుమ్మరులు అరుదైపోయారు. అందుకే ఎక్కడైనా పాత ఇల్లు పడగొడితే ఆ పెంకు కొని తెచ్చుకుంటున్నారు.

అంతా మార్చదలచిన వారికి మంగుళూరు పెంకు ఉంది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెట్టిన కార్ఖానాతో మన దేశంలో దీని తయారీ మొదలైంది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. దీనికి రీపర్లు అడుగుకు కాస్త పైగా ఎడంతో, తేడా లేకుండా కొట్టాలి. గూన పెంకు కింది పాత బద్దల మీదే సర్దేద్దామంటే కుదరదు. వాలు చాలకపోతే గాలివానకు నీరు వెనక్కి ఎక్కుతుంది.

చవకని సిమెంటు రేకుల వైపు మొగ్గేవారూ ఉన్నారు. వేసవిలో ఆ రేకుల కింద కూర్చోవడమే కష్టం. ఆస్బెస్టాస్ కలిసిన పాత రేకులను రంపంతో కోసినా, పగలగొట్టినా లేచే ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారి తీస్తుంది. 1996 నవంబరు 6 తుపాను చూసినవారికి గాలి సంగతి వేరే చెప్పాలా? పెంకు విడివిడిగా జారుతుంది, పట్టు తప్పిన రేకు మొత్తంగా ఎగిరిపోతుంది.

ఖర్చు దగ్గరే అసలు పేచీ. ఇంట్లో ఉన్నవాడే పెట్టుకోవాలని హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉన్న వాటాదారు అంటే, పేరు నీకూ ఉంది కదా అని ఇక్కడి వారు అంటారు. వాటా కొలతను బట్టి ఖర్చు ఎవరెంత పెట్టాలో పెంకు దించక ముందే కాగితం మీద రాసుకుంటే పని మధ్యలో ఆగదు. దించిన నాడే వాన పడితే కప్పడానికి టార్పాలిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. పని ముగిశాక మొదటి వానకు లైటు పట్టుకుని అటకెక్కాలి. మండువా నాలుగు మూలలూ ముందు చూడాలి. రెండు వాలుల నీరు కలిసేది అక్కడే, కారితే ముందు కారేదీ అక్కడే.