టమోటా లెక్కే ఓడల లెక్క
సముద్రం లేని ఊళ్ల పిల్లలకూ తగులుతున్న నౌకా మాంద్యం

చింతామణి మండీకి కాయ తోలే రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ధర ఉన్నప్పుడు అందరూ నారు నాటుతారు. కోతకొచ్చేసరికి అందరి కాయా ఒకేసారి మండీలో దిగుతుంది. 2023 జులైలో కోలారు మండీలో 15 కిలోల టమోటా బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. తోటలకు రాత్రిళ్లు కాపలా కాసిన రోజులవి. సెప్టెంబరుకల్లా ధర నేలకు దిగింది. కోత కూలీ కూడా గిట్టదని కాయను చెట్టునే వదిలేసినవాళ్లూ ఉన్నారు.

సముద్రం మీద కూడా ఇదే కథ. కాకపోతే అక్కడ నారు బదులు ఓడ. మూడు నెలల పంట బదులు రెండు మూడేళ్ల పంట. ధర పడితే పోయేది కోత కూలీ కాదు, నావికుడి కొలువు.

'మనకెందుకప్పా ఓడల గోల, చెన్నై రేవు మూడొందల కిలోమీటర్లకు అటూఇటుగా ఉంది' అనుకోవచ్చు. పదో తరగతి పాసైతే చాలు, ఓడ మీద ఉద్యోగం, డాలర్లలో జీతం అనే ప్రకటనలు బాగేపల్లి పిల్లోడి ఫోనులోకీ వస్తున్నాయి. భూమి తాకట్టు పెట్టి ఫీజు కట్టే ముందు ఆ డాలర్ల వెనకున్న ఎత్తుపల్లాలు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

ఆరు నెలల్లో పాతాళానికి

బొగ్గు, ఇనుప ఖనిజం, ధాన్యం మోసే ఓడల కిరాయి ఎట్లుందో చెప్పేందుకు లండన్ నుంచి ఒక సూచీ వెలువడుతుంది. పేరు బాల్టిక్ డ్రై ఇండెక్స్. మన మండీలో రేటు బోర్డు లాంటిదే. 2008 మే 20న అది 11,793 పాయింట్లకు ఎక్కింది. చైనా ఉక్కు కర్మాగారాలు ఎంత ఖనిజం వచ్చినా చాలదన్న కాలమది. బళ్ళారి ఖనిజం లారీలు బారులు తీరి రేవుల దారి పట్టింది కూడా ఆ రోజుల్లోనే.

సెప్టెంబరు 15న అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. ఒక బ్యాంకును ఇంకో బ్యాంకు నమ్మని పరిస్థితి వచ్చింది. సరుకు అమ్మేవాడికి, కొనేవాడికి మధ్య హామీగా ఉండే లెటర్ ఆఫ్ క్రెడిట్ పుట్టడమే కష్టమైంది. హామీ లేనిదే సరుకు కదలదు, సరుకు లేనిదే ఓడ కదలదు. డిసెంబరు 5న అదే సూచీ 663 దగ్గర ఉంది. రోజుకు రెండు లక్షల డాలర్లు పైబడి పలికిన పెద్ద ఓడ కిరాయి రెండు మూడు వేల డాలర్లకు పడింది. సిబ్బంది జీతాలు, బీమా, మరమ్మతులకే అది చాలదు.

అసలు దెబ్బ ఆ తర్వాతది. మంచి ధర చూసి యజమానులు అప్పటికే ఎడాపెడా కొత్త ఓడలకు ఆర్డర్లిచ్చి ఉన్నారు. కంటైనర్ ఓడల్లో అయితే నీటి మీదున్న సామర్థ్యంలో సగానికి మించి ఆర్డర్లలోనే ఉంది. ఆ ఓడలన్నీ 2009 నుంచి వరసగా నీళ్లలోకి దిగాయి. కంటైనర్లు వచ్చినప్పటి నుంచి ఎన్నడూ లేనిది, ఏడాది మొత్తం మీద ప్రపంచ కంటైనర్ రవాణా తగ్గింది సరిగ్గా ఆ ఏడే. ఒకపక్క సరుకు తగ్గె, ఇంకోపక్క ఓడలు పెరిగె. ఇంక ధర ఎట్లా నిలుస్తుంది? కంటైనర్ ఓడల సామర్థ్యంలో పదో వంతు దాకా లంగరు వేసి ఖాళీగా నిలిపేశారు.

ఫోను మోగదు, అంతే

ఫ్యాక్టరీ మూస్తే గేటుకు నోటీసు అంటిస్తారు. యూనియన్ జెండాలొస్తాయి, పేపర్లో ఫోటో పడుతుంది. ఓడ ఉద్యోగం పోతే అట్లాంటివేవీ ఉండవు. నావికుల్లో ఎక్కువమందిది కాంట్రాక్టు కొలువు. కింది స్థాయి సిబ్బందికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, అధికారులకు నాలుగు నుంచి ఆరు నెలలు మామూలు. ఓడ మీదున్నన్నాళ్లే జీతం. కాంట్రాక్టు ముగిసి ఇంటికొస్తే, మళ్లీ కంపెనీ పిలిచేదాకా చాలామందికి పైసా రాదు.

మాంద్యంలో జరిగేది ఇంతే, ఆ పిలుపు రాదు. ఓడను లంగరు వేసి పెడితే ఇరవై పాతికమంది చేసే చోట కాపలాకు కొద్దిమంది చాలు. మిగతావాళ్లను ఎవరూ తీసేయలేదు, కాబట్టి వాళ్లు లెక్కలోకి కూడా రారు. ఇంట్లోవాళ్లు 'ఇంకా లీవులోనే ఉన్నాడు' అనుకుంటూ ఉంటారు. రెండు నెలలు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. బ్యాంకు కంతు మాత్రం నెల తప్పకుండా వచ్చేస్తుంది.

అందరికన్నా ఇరుక్కుపోయేది క్యాడెట్లు. నాటికల్ సైన్స్ డిప్లొమా అంటే ఏడాది తరగతి చదువు, ఆపైన 18 నెలలు ఓడ మీద శిక్షణ. ఆ 18 నెలలు పూర్తికాకుంటే అధికారి పరీక్షకు కూర్చోనీయరు. ఓడే దొరకకపోతే? చేతిలో ఉన్న సర్టిఫికెట్టుతో ఒడ్డు మీద ఇంకో ఉద్యోగం రావడం కష్టం. మంచి కాలంలో సీట్లు నిండుతాయి, చెడ్డ కాలంలో వాళ్లు బయటికొస్తారు. ఇది కూడా టమోటా నారే. చెన్నై కేంద్రంగా, విశాఖలో క్యాంపస్‌తో భారత సముద్రయాన విశ్వవిద్యాలయం పుట్టింది 2008 నవంబరులో. అంటే సూచీ పాతాళానికి జారుతున్న నెలల్లోనే!

విశాఖ నిలిచింది, అలంగ్ నిండింది

ఓడ తయారీ అంటే తెలుగువాళ్లకు విశాఖే. 1948 మార్చి 14న నెహ్రూ 'జల ఉష'ను నీళ్లలోకి వదిలిన యార్డు అది. 2010లో దాన్ని రక్షణ శాఖకు అప్పగించారు. ప్రైవేటు సరుకు ఓడల గిరాకీ పోయినా నౌకాదళం పని ఉంది. 2023 ఆగస్టులో ఐదు ఫ్లీట్ సపోర్టు షిప్పులకు సుమారు 19 వేల కోట్ల రూపాయల ఆర్డరు కూడా దక్కింది. గుజరాత్‌లోని ప్రైవేటు ఎ.బి.జి. షిప్‌యార్డుకు అట్లాంటి దన్ను లేకపోయింది. అది 2017లో దివాలా ప్రక్రియలోకి పోయి, 2019లో అమ్మకానికి వచ్చింది.

మాంద్యంలో పని పెరిగిన చోటు ఒకటే. గుజరాత్ తీరంలోని అలంగ్, పాత ఓడలు విరిచే చోటు. కిరాయి గిట్టని ఓడలను యజమానులు తుక్కుకు అమ్మేశారు. 2011-12లో అక్కడికి 415 ఓడలొచ్చాయి. అవి విరిచింది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వలస కూలీలు.

2016లో ఇంకో దెబ్బ. దక్షిణ కొరియాలో అతి పెద్దదైన హంజిన్ షిప్పింగ్ కంపెనీ ఆగస్టు 31న కోర్టు మెట్లెక్కింది. రేవు రుసుము ఎవరు కడతారో తెలియక చాలా రేవులు దాని ఓడలను రానీయలేదు. 1,400 కోట్ల డాలర్ల సరుకు సముద్రం మధ్యలో నిలిచిపోయింది. సరుకుతోపాటు సిబ్బంది కూడా. తర్వాతి ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించింది.

మన వైట్‌ఫీల్డ్ దాకా

ఓడ కదలకపోతే ఆ కుదుపు వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపో దాకా వస్తుంది. అక్కణ్నించి రైల్లో చెన్నై రేవుకు పోయే పెట్టెల్లో మన రాష్ట్రపు గెర్కిన్ కూడా ఉంటుంది. మిడి సౌతెకాయి అంటే అందరికీ తెలుసు. మన దగ్గర దాన్ని తినేవాళ్లు అరుదు, మొత్తం ఎగుమతికే. దేశంలో దాదాపు 90 వేల మంది చిన్న రైతులు కంపెనీలతో ఒప్పందం మీద పండిస్తున్నారని 2022 జనవరిలో కేంద్రం చెప్పింది. 2020-21లో ఎగుమతి 2.23 లక్షల టన్నులు.

కరోనా తర్వాత కథ తిరగబడింది. 2019లో సగటున 1,420 డాలర్లున్న 40 అడుగుల కంటైనర్ కిరాయి 2021 సెప్టెంబరులో పది వేల డాలర్లు దాటింది. ఓడల యజమానులకు పండగ, ఎగుమతిదారుకు పెట్టె దొరకని కరువు. పండగ చూసి మళ్లీ ఆర్డర్లు! 2023కల్లా కిరాయిలు కుప్పకూలాయి. ఆ నవంబరులో డెన్మార్క్ కంపెనీ మెర్స్క్ తన లక్షా 10 వేల ఉద్యోగులను లక్ష లోపుకు తెస్తామని ప్రకటించింది. అదే నెలలో ఎర్ర సముద్రంలో హౌతీల దాడులు మొదలయ్యాయి. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చి కిరాయిలు మళ్లీ లేచాయి. యుద్ధం వల్ల దక్కిన గిరాకీ ఇది, ఎన్నాళ్లుంటుందో నమ్మకం పెట్టుకోలేం. అయినా 2024లోనూ కొత్త ఓడల ఆర్డర్లు జోరుగా పడ్డాయి.

డబ్బు కట్టే ముందు

భారత నావికులు 2014లో లక్షా 17 వేల మంది ఉంటే 2022 నాటికి రెండున్నర లక్షలయ్యారు. ఓడలన్నీ మంచివే దొరకవు. జీతాలివ్వకుండా, తిండి పంపకుండా యజమాని ఓడను వదిలేసి పోవడం పెరుగుతోంది. 2024లో 312 ఓడల మీద 3,133 మందిని ఇట్లా వదిలేశారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క కట్టింది. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య 1,676. వాళ్లలో అందరికన్నా ఎక్కువమంది మనవాళ్లే, 899 మంది. పని కరువైనప్పుడు ఏ ఓడైనా సరేనని ఎక్కేవాళ్లు దొరుకుతారని ఏజెంట్లకు బాగా తెలుసు.

ఓడకు మనిషిని పంపే ఏజెన్సీకి కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ లైసెన్సు ఉండాలి. పేరు, నంబరు ఆ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది. మన దేశం దానికి 2015లో ఆమోదం తెలిపింది. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, సి.డి.సి. పుస్తకం ఖర్చులు మాత్రమే నావికుడివి. 'ఐదు లక్షలు కట్టు, వచ్చే నెల ఓడ' అనే మాట వినబడితే అక్కడే లేచి వచ్చేయొచ్చు.

కాలేజీని అడగాల్సింది భవనం గురించి కాదు. గత రెండేళ్లలో ఎంతమంది క్యాడెట్లకు ఓడ దొరికింది, ఏ కంపెనీలో దొరికింది అని అడగాలి. లిఖితపూర్వకంగా ఇవ్వమనాలి. ఫీజు అప్పుతో కడుతుంటే, ఓడ దొరక్క ఏడాది కూర్చున్నా కంతు కట్టగలమా అని ఆ రోజే లెక్క వేసుకోవాలి.

ఎక్కే ముందు ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉంచాలి. అందులో ఓడ పేరు పక్కన ఏడంకెల ఐ.ఎం.ఓ. నంబరు ఉంటుంది. పేరు, జెండా మార్చినా ఆ నంబరు మారదు. వదిలేసిన ఓడల జాబితా అంతర్జాతీయ కార్మిక సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, నంబరు కొడితే చాలు. రెండు నెలలు జీతం రాకపోతే దాన్ని ఓడను వదిలేసినట్టుగానే పరిగణిస్తారు. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం నాలుగు నెలల దాకా జీతం, ఇంటికి చేరే ఖర్చు ఓడ బీమా నుంచి రాబట్టుకోవచ్చు. అందుకు కావాల్సిన బీమా పత్రం ఓడలో అందరికీ కనబడేచోట అతికించి ఉండాలి. ఎక్కిన రోజే దాన్ని ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపాలి.