ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు

గీజర్ వేసినప్పుడల్లా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే సరఫరా ఆపే స్విచ్చు) పడిపోతోందని, ఇంకా పెద్దది తెచ్చి సొంతంగా బిగించేసే వాళ్లుంటారు. ఆ తర్వాత అది పడదు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్నటి తీగ మీద దాన్నీ, ఇస్త్రీపెట్టెనూ కలిపి నడిపితే తీగ కాగుతుంది. కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలు. గోడ లోపల, కంటికి కనబడని చోట, తీగ మీది ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది. చివరికి నిప్పంటుకోవచ్చు. అందుకే ఎంసీబీని తీగ మందాన్ని చూసి ఎంచాలి, గీజర్‌ను చూసి కాదు.

మనిషి శరీరం లెక్క వేరు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదల్లేకపోవచ్చు. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా పారితే గుండె లయ తప్పవచ్చు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే 6000 మిల్లీ ఆంపియర్లు! ప్రాణం పోతున్నా అది పడదు. మనిషిని కాపాడే పని ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్చుది. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా అని అది ఎప్పుడూ పోల్చి చూస్తుంది; మనిషి గుండా నేలలోకి కొంత పారితే తేడా వస్తుంది. ఇళ్లలో పెట్టేది తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సరఫరాను తెంచేస్తుంది. ఇది లేని ఇంట్లో వెంటనే పెట్టించాలని నా గట్టి మాట. అయితే ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకుంటే ఇది కూడా కాపాడలేదు.

ఏ పని మనం చేసుకోవచ్చో, ఏది కూడదో చట్టం గీసిన గీత కూడా ఈ ప్రమాదాలకు తగ్గట్టే ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి మనమే మార్చుకోవచ్చు. వైరింగు సామర్థ్యం, స్వభావం మాత్రం మారకూడదు. కొత్తగా ఏసీ పాయింటు లాగడం, ఉన్న వైరింగును మార్చడం లైసెన్సున్న కాంట్రాక్టరే చేయించాలి. చేసేవారికీ పర్మిట్ ఉండాలి.

అనుమతి ఉన్న చిన్న పనుల్లోనూ స్విచ్చును నమ్మకండి. దాన్ని పొరపాటున న్యూట్రల్‌లో కలిపి ఉంటే, ఆఫ్ చేసినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. కరెంటు పోయింది కదా అని పనికి దిగినా, ఇన్వర్టర్ లైన్లు బతికే ఉంటాయి. ముందు కరెంటున్న ప్లగ్గులో టెస్టర్ వెలుగుతోందో లేదో చూసుకోండి. తర్వాత మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి, పని చేసే చోట మళ్లీ టెస్టర్ పెట్టి చూడండి.