నేటికి చాలిన విశ్వాసము



క్రైస్తవ కుటుంబములు పెక్కింటిలో ప్రాతఃకాలమున బైబిలునందలి యొక చిన్నభాగమును చదివి, కొంతసేపు ధ్యానించి, పిదప పనులకు బోవు నాచారము కలదు. దానిని జూచి కొందరు “దేవుని ఒకమారు నమ్మిన చాలదా? ప్రతిదినమును నమ్మవలయునా?” అని యడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము ఆ గ్రంథమునందలి మూడు మాటలలో నున్నది. వానిని క్రమముగా విచారింతము.

మొదటిది పాపము. పాతనిబంధనకు మూలమైన హీబ్రూభాషలో పాపమునకు తరచుగా వాడబడు శబ్దము “హాతా” యను ధాతువునుండి పుట్టినది. గురి తప్పుట యని దాని కర్థము కలదు. న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయమున బెన్యామీను గోత్రమువారైన 700 మంది యెడమచేతివాటము యోధుల ప్రస్తావన వచ్చును. వెండ్రుకను గురిగా నుంచినను వారి వడిసెలరాయి తప్పదట! అచ్చటి “తప్పుట”యు, పాపము చేయుటయు నొక్క ధాతువే. క్రొత్తనిబంధన వ్రాయబడిన గ్రీకుభాషలో పాపమును “హమార్తియా” యందురు. హోమరు కావ్యమున ఆ ధాతువే బల్లెము గురి తప్పుటకును వాడబడినది.

కావున పాపమనగా చేయరాని పనుల పట్టిక మాత్రమే కాదు. చేరవలసిన చోటికి చేరకుండుటయు పాపమే. పొరుగువాని దుఃఖమును కన్నులార జూచియు మౌనముగా సాగిపోయిన పెద్దమనుష్యుని ఏ న్యాయస్థానమును శిక్షింపదు. అయినను అతని రాయి గురికి తగులలేదు. నిన్న గురి కుదిరినదని నేడు కన్నులు మూసికొని విసరువాడుండునా? అనుదినధ్యానమునకు మొదటి ప్రయోజనమిదియే: చూపును సరిచేసికొనుట.

రెండవది విశ్వాసము. మన సంస్కృతశబ్దమునకు మూలము “శ్వస్” ధాతువు. ఊపిరి విడుచుట దాని యర్థము. నిన్నటి ఊపిరితో నేడు బ్రదుకువాడు లేడు. హీబ్రూలో విశ్వాసమును, నమ్మకత్వమును దెలుపు శబ్దము “ఎమూనా”. ప్రార్థనాంతమున పలుకు “ఆమేన్” దానికి తోబుట్టువు. రెండింటియందును స్థిరత్వమే భావము.

ఈ ఎమూనా యను శబ్దము నిర్గమకాండము 17వ అధ్యాయమున నొక వింతచోట కనబడును. అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండగా మోషే కొండపై నిలిచి చేయెత్తెను. చేయి పైకుండగా ఇశ్రాయేలీయులకు, దిగగా శత్రువులకు జయము కలుగుచుండెను. ఎనుబదియేండ్లు నిండిన యా వృద్ధుని చేతులు బరువెక్కినవి. అప్పుడు అహరోనును హూరును ఒక రాయి తెచ్చి అతనిని దానిపై కూర్చుండబెట్టి, చెరియొక ప్రక్కను నిలిచి చేతుల నాని పట్టుకొనిరి. సూర్యుడు క్రుంకువరకు నా చేతులు నిలకడగా నుండెను. ఆ నిలకడకు వాడిన శబ్దమే ఎమూనా.

“నా విశ్వాసము దుర్బలము; దేవుడు నన్నంగీకరింపడు” అని రాత్రులయందు కుమిలిపోవువారు కలరు. వారీ కథను జదువవలెను. చేతులు బరువెక్కినందుకు మోషేను నిందించినవారు లేరు. విశ్వాసమనగా అలసట లేకుండుట కాదు. అలసినపుడు పట్టుకొనువారిని కాదనకుండుట.

మూడవది మన్నా. అదే కాండము 16వ అధ్యాయమున, అరణ్యములో ఆకలిగొన్న ప్రజలకు దేవుడు మన్నాను కురిపించిన వృత్తాంతము కలదు. తలకొక ఓమెరు చొప్పున ఏనాటిది ఆనాడే కూర్చుకొనవలయునని యాజ్ఞ. రేపటికని దాచుకొన్నవారి మన్నా పురుగుపట్టి కంపుకొట్టెను. విశ్రాంతిదినమునకై ఆరవనాడు రెండింతలు కూర్చినది మాత్రము చెడలేదు. ఇట్లు 40 ఏండ్లు జరిగినది.

ముందుచూపు తప్పా యని సందేహము కలుగవచ్చును. కాదు. ఐగుప్తులో యోసేపు ఏడేండ్లు ధాన్యము నిలువజేసి కరవును దాటించెనని ఆదికాండమే చెప్పుచున్నది. యోసేపు నిలువ పరులయాకలి తీర్చుటకు. మన్నా దాచినవారి నిలువ, ఇచ్చినవాడు రేపీయడేమో యను భయమునకు. పురుగుపట్టినది ఆ భయము. యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో నడుగబడునదియు ఆనాటి యాహారమే.

ఇక తొలిప్రశ్నకు వత్తము. గురి ప్రతిమారు చూడవలసినది. చేతులు సాయంకాలమువరకు నిలువవలసినవి. మన్నా ఏనాటి కానాడే కూర్చుకొనవలసినది. నమ్మకము సైతమట్టిదే.

తుదకొక మాట. తప్పటడుగు వేసి పడిన పసివానిని జూచి తెలుగువారు “పాపము!” అందురు. దోషమునకు, జాలికి మన భాషలో నొక్కటే మాట. తప్పిపోయిన కుమారుడు ఇంకను దూరముగా నుండగనే తండ్రి కనికరపడి పరుగెత్తెనని లూకా సువార్త 15వ అధ్యాయము చెప్పు నుపమానముయొక్క తాత్పర్యము, మన యిండ్లలో అవ్వలు పలుకు నా యొక్క మాటలో నిమిడియున్నది.