థర్మోడైనమిక్స్ అంటే భయమెందుకు? తాండూరు సిమెంట్ బట్టీలోనే ఉంది మొదటి పాఠం

వికారాబాద్, తాండూరు నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్ళి మెకానికల్ బ్రాంచి తీసుకున్న పిల్లలకు సాధారణంగా రెండో సంవత్సరంలో థర్మోడైనమిక్స్ ఎదురవుతుంది. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరినవాళ్ళకైతే కాలేజీలో అడుగుపెట్టిన కొత్తలోనే ఈ పేపర్ వచ్చి పడుతుంది. ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో చదివి వచ్చినవాళ్ళకు ఇంగ్లిష్ పుస్తకం ఒక భారం, లెక్కలు ఇంకో భారం. ఇది బ్యాక్‌లాగ్‌గా మిగిలితే చాలా కంపెనీలు క్యాంపస్ ఇంటర్వ్యూకు కూర్చోనివ్వవు. పిల్లాడు చదవట్లేదని కోప్పడే ముందు, ఎక్కడ తడబడుతున్నాడో తెలుసుకుంటే మంచిది.

ముందు గీత గీయాలి

ఏ లెక్కకైనా మొదట 'సిస్టమ్' ఏదో తేల్చుకోవాలి. అంటే మనం లెక్క చూస్తున్న వస్తువు చుట్టూ ఒక గీత గీయడం. దమ్ బిర్యానీ దేగ్‌కు మూత పెట్టి పిండితో మూసేస్తాం. వేడి లోపలికి పోతుంది కానీ బియ్యం, మాంసం, ఆవిరి దాదాపు బయటికి రావు. ఇది క్లోజ్డ్ సిస్టమ్. మూత లేకుండా చాయ్ మరిగిస్తే ఆవిరి పోతూనే ఉంటుంది కాబట్టి అది ఓపెన్ సిస్టమ్. సహరీకి ఫ్లాస్కులో పోసి పెట్టిన చాయ్, ఐసోలేటెడ్ సిస్టమ్‌కు దగ్గరగా ఉంటుంది.

మొదటి నియమం: జమా ఖర్చు

శక్తి పుట్టదు, మాయం కాదు. దుకాణం ఖాతాలాగే వచ్చింది, పోయింది, మిగిలింది సరిపోవాలి.

తాండూరు చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలనే చూడండి. సున్నపురాయి దాదాపు 900 డిగ్రీల దగ్గర విడిపోతుంది. క్లింకర్ కావాలంటే పదార్థం సుమారు 1450 డిగ్రీలకు చేరాలి. కిలో క్లింకర్‌కు సిద్ధాంతం ప్రకారం కావలసిన వేడి దాదాపు 420 కిలో కేలరీలు. మంచి ప్లాంట్లలో కూడా ఖర్చయ్యేది సుమారు 700. మిగతా 280 ఎటు పోయాయి? పొగతో కొంత, బట్టీ గోడల నుంచి కొంత, వేడి క్లింకర్‌తో కొంత. ఆ లెక్క రాయడమే మొదటి నియమం. ఆ పోయే వేడితో కరెంటు తయారు చేసే సిమెంట్ ప్లాంట్లు కూడా ఉన్నాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇంటర్ కెమిస్ట్రీలో సిస్టమ్ మీద జరిగిన పని ప్లస్. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఎక్కువగా సిస్టమ్ చేసిన పని ప్లస్. ఇది గమనించకపోతే ఫార్ములా వచ్చినా జవాబు తప్పుతుంది.

రెండో నియమం: ఖాతా సరిపోతే చాలదు

వేడి మొత్తాన్నీ పనిగా మార్చే ఇంజన్ ఉండదు. ఫ్రాన్స్‌కు చెందిన సాడీ కార్నో 1824లోనే దీనికి దారి చూపాడు. 500 డిగ్రీల ఆవిరి, 35 డిగ్రీల పరిసరాలు అనుకుందాం. చాలామంది 35ను 500తో భాగించి, ఒకటిలోంచి తీసేసి 93 శాతం అని రాసేస్తారు. అది తప్పు. ముందు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాలి. 308ని 773తో భాగించి, ఒకటిలోంచి తీసేస్తే దాదాపు 60 శాతం. ఆదర్శ ఇంజన్‌కు కూడా హద్దు అంతే.

స్టీమ్ టేబుల్‌తో దోస్తీ

వికారాబాద్ సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. అదే ప్రెషర్ కుక్కర్‌లో సుమారు 120. ఒత్తిడి మారితే మరిగే వేడిమి మారుతుంది. స్టీమ్ టేబుల్ చెప్పేది ముందుగా ఇదే.

విద్యార్థులు చేయాల్సింది

ప్రతి లెక్కకు ముందు బొమ్మ గీసి సిస్టమ్ గీత పెట్టండి. గుర్తుల పద్ధతి పక్కన రాసుకోండి. డిగ్రీలను కెల్విన్‌లోకి మార్చండి. స్టీమ్ టేబుల్ చూడటం పరీక్ష ముందు రోజు కాదు, మొదటి నెల నుంచే అలవాటు చేసుకోండి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి.

తల్లిదండ్రులు లెక్కలు నేర్పక్కర్లేదు. 'ఈ దేగ్‌లో సిస్టమ్ ఏది బేటా?' అని అడగండి చాలు. వాడు అమ్మీకి అర్థమయ్యేలా చెప్పగలిగితే, పరీక్షలో కూడా రాయగలడు.