చక్రం లెక్క చెబుతుంది.. ట్యాంకును చూడదు!

బెంగళూరు జక్కూరులో చిన్న విమానాలు ఎగురుతుంటే తలెత్తి చూడనివారుండరు. బైకులో పెట్రోలు అయిపోతే తోసుకెళ్లొచ్చు. గాల్లో ఆ వీల్లేదు. అందుకే ఇలాంటి చాలా విమానాల్లో ఇంజిన్‌కు పెట్రోలు వెళ్లే గొట్టంలో బుల్లి సెన్సర్‌ పెడతారు. పెట్రోలు పారే కొద్దీ అందులోని చిన్న చక్రం తిరుగుతుంది. దాని రెక్క కాంతికి అడ్డొచ్చిన ప్రతిసారీ ఓ సంకేతం.. లీటరుకు కొన్ని వేలు! వాటిని లెక్కపెట్టి గంటకు ఎన్ని లీటర్లు ఖర్చవుతోందో మీటరు చూపిస్తుంది. సెస్నా 172కైతే సుమారు 30 లీటర్లు.

తిరకాసు ఇక్కడే ఉంది. ట్యాంకులో ఎంతుందో సెన్సర్‌కు తెలియదు. పైలట్‌ ముందుగా నమోదు చేసిన అంకెలోంచి ఖర్చయింది తీసేసి మిగులు చెబుతుందంతే. 100 లీటర్లుంటే 130 అని కొట్టారో.. మీటరు ఇంకో గంటకు సరిపోతుందంటుండగానే ఇంజిన్‌ ఆగిపోతుంది. ట్యాంకు కారినా పసిగట్టదు.

అందుకే ఎంత మంచి మీటరున్నా ఎగిరే ముందు ట్యాంకు మూత తీసి, కొలపుల్ల ముంచి చూడాల్సిందే.