కంప్యూటరు మరమ్మతు – గృహిణి బాధ్యత

చిత్రావతీ తీరమందలి గోరంట్ల ప్రాంతమున గాని, ధర్మవరమున గాని, నేతవారి యింట పోగు తెగినచో గృహిణి వెంటనే వడ్రంగికి కబురంపదు. మగ్గము నాపి, తెగిన కొనను వెదకి, తానే యతుకును. కొయ్య విఱిగినప్పుడే వడ్రంగి కావలసివచ్చును. మన యిండ్లలోనికి వచ్చిన కంప్యూటరు విషయమున మాత్రము ఈ వివేకము మనకు కొఱవడుచున్నది. తెర నల్లబడిన తోడనే, నాకేమియు తెలియదని చేతులు దులుపుకొని, యంత్రమును సంచిలో బెట్టి హిందూపురమునకు పంపివేయుచున్నాము.

సోదరీమణులారా! మగ్గమునకును కంప్యూటరునకును చుట్టఱికము కలదు. ధర్మవరపు చీరల యంచులను తీర్చు జాకార్డు సాధనము 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశమున పుట్టినది. రంధ్రములు గల అట్టలే దానికి ఆజ్ఞలు. ఆంగ్లదేశపు ఛార్లెసు బాబేజి ఆ యట్టల పద్ధతినే తాను తలపెట్టిన గణనయంత్రమునకు గ్రహించెను. ఆ యంత్రము గణితము చేయవలసిన క్రమమును 1843లో ప్రకటించినది ఆడా లవ్లేసు అను స్త్రీ. కావున ఇది మగవారి విద్య యని వెనుదీయ బనిలేదు. తప్పుటంకెలు వేసినను యంత్రము సరియైన జవాబిచ్చునా యని తన్ను రెండుమారులు అడిగిరని బాబేజి 1864లో వ్రాసెను. అట్టలో రంధ్రము తప్పిన పువ్వును తప్పును. అది మగ్గపు దోషము కాదు.

ఇక మనము చేయదగిన పనులెవ్వి? మొదట తీగెలు, స్విచ్చి సరిగా నున్నవో లేవో చూడవలెను. ఒకసారి యంత్రము నార్పి మరల వెలిగింపవలెను. అప్పటికిని నడువకున్న, తెరపై కనబడిన మాటలను ఉన్నవి ఉన్నట్లు కాగితముపై వ్రాసికొనవలెను. క్రొత్తగా ఏమి చేర్చితిమో, ఏనాటినుండి చెడినదో గుఱుతించవలెను. జ్వరము వచ్చి యెన్నినాళ్లయినదో చెప్పనిచో వైద్యుడు మాత్రమేమి చేయగలడు? 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు యంత్రము చెడగా, దానిలో చిక్కిన చిమ్మటను పనివారు వెలికి తీసి దినచర్యపుస్తకమున అంటించి, ప్రక్కనే విషయము వ్రాసియుంచిరి. శాస్త్రజ్ఞులకే వ్రాత అవసరమైనచో మనకు కాదా?

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రతులు తీసియుంచుట. యంత్రము చెడిన క్రొత్తది కొనవచ్చును. హార్డుడిస్కు చెడిన, అందలి పెండ్లి ఛాయాచిత్రములు, పిల్లల సర్టిఫికెట్లు, చీరల వ్యాపారపు లెక్కలు, నమూనాలు మరల దొరకుట దుర్లభము. ఆ నష్టమునకు మరమ్మతువానిని దూషించి ఫలము లేదు. కావున ముఖ్యమైన వానిని వేఱు డిస్కులో నొక ప్రతియు, వేఱొకచోట మఱియొక ప్రతియు నుంచి, అవి తెఱుచుకొనుచున్నవో లేవో అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

బాధ్యత యనగా అన్నియు మనమే విప్పుట కాదు. ప్లగ్గు తీసినను లోపలి విద్యుత్పరికరములలో కొన్నిట శక్తి నిలిచియుండును. ఉబ్బిన బ్యాటరీని పొడిచిన నిప్పంటుకొనును. అచ్చట నేర్పరిని పిలుచుటయే మన ధర్మము. పిలిచినప్పుడు వెల ముందుగా నడుగుడు, రసీదు పుచ్చుకొనుడు, మార్చిన పాతభాగమును చూపుమనుడు. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి యీయక, అవసరమైన మీరే టైపుచేసి, పని ముగిసిన పిదప మార్చుడు.

మీ కంప్యూటరులో వైరసు చేరినదని తెలియనివాడు ఫోనుచేసిన, వాడు చెప్పినది మీ యంత్రమున స్థాపింపకుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తత్క్షణమే 1930 సంఖ్యకు తెలుపుడు. ఆలస్యమైన కొలది ఆ సొమ్ము చేతులు మాఱిపోవును.

మరమ్మతు చేయువాడు మనకు సహాయుడు. యంత్రమునకు, అందలి మన బ్రదుకుజాడలకు యజమానురాండ్రము మనమే. ఈ యాదివారమే యొక ప్రతి తీసికొనుటతో ఆ యాజమాన్యమును ప్రారంభింపుదము.